తలా ఒక మూత

ఇరవై ఏళ్లకు పైగా వార్తలు రాశాను. రోడ్డు వేయాలని రాశాను, వేయలేదు. బస్సు ఆపాలని రాశాను, ఆపలేదు. వాననీళ్లు ఇంకడానికి గుంతలు తవ్వుకోవాలని రాస్తే, గుంతలు తవ్వి వాటిలో చెత్త పోసుకున్నారు. నేను రాసిన మాటను జనం అక్షరం వదలకుండా పాటించింది నా ఉద్యోగం మొత్తంలో ఒక్కసారే. దానివల్ల ఒక ఊరి మంచినీళ్ల మిషన్ చావు దాకా వెళ్లివచ్చింది.

రెండువేల ఐదారు ప్రాంతంలో నేను కోడుమూరులో ఉండేవాణ్ణి. ఒక దినపత్రికకు ఆ చుట్టుపక్కల వార్తలు పంపడం నా పని. రోజూ నాలుగైదు వార్తలు తెల్లకాగితాల మీద రాసి, సాయంత్రం ఫ్యాక్స్ ఉన్న అంగడికి పోయి కర్నూలుకు పంపేవాణ్ణి. మర్నాడు జిల్లా పేజీల్లో వాటిలో రెండో మూడో, సగానికి సగం తగ్గి, కనిపించేవి.

కోడుమూరుకు పడమటగా, ఆలూరు వైపు పోయే దిక్కున ఒక ఊరు. వేరుశనగ, పత్తి, వాన వస్తే పంట, రాకపోతే లేదు. ఆ ఊరి బోరునీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. కాచితే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. నలభై దాటేసరికి మోకాళ్లు బిగుసుకుంటాయి. ఫ్లోరైడ్ అనే మాట అక్కడ సంతకం రానివాళ్లకు కూడా తెలుసు. దూరపు చుట్టం పేరు చెప్పినట్టు చెబుతారు, కొంచెం విసుగ్గా.

ఆ ఊరికి ఒక దాతల సంఘం నీళ్ల మిషన్ ఇచ్చింది. ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే రకం. దానికి ఊళ్లో కిరాణా అంగడి నడిపే శెట్టి తన వేరుశనగ గోడౌన్‌లో ముందుగది ఖాళీ చేసి ఇచ్చాడు. నడపడానికి ఒక రైతును పెట్టారు. యాభై దగ్గరి మనిషి. వరసగా మూడేళ్లు పత్తి పోయింది కాబట్టి తీరిక ఉందని ఆయన్ను ఎంచారు. కడపకు పంపించి రెండు రోజులు నేర్పించారు. ఆయన్ను అందరూ ఆపరేటరప్ప అనేవాళ్లు. ఆయనా ఆ పిలుపుకు తలపాగా సర్దుకుని పలికేవాడు.

ఆయన భార్యకు మోకాళ్లు వంగేవి కావు. మిషన్ రాకముందు మూడేళ్లుగా ఆమె నిలబడే వండింది. పొయ్యిని రాతిబండ మీదికి ఎక్కించుకుంది. అన్నం, పప్పు ఎట్లాగో నిలబడి వండవచ్చు. జొన్నరొట్టె కుదరదు. రొట్టె కొట్టాలంటే నేల మీద కూర్చుని, ఒంటి బరువంతా అరచేతుల్లోకి తేవాలి. "నిల్చుకొని కొడితే అది రొట్టె కాదప్పా, అప్పచ్చి" అని ఆమే నాతో అంది. మూడేళ్లు ఆ ఇంట్లో రొట్టె పక్కింటివాళ్లు ఇచ్చిందే.

మిషన్ కథ అర్థం కావాలంటే దాని కడుపులో ఏముందో ఒక్కమాట చెప్పాలి. పొడుగాటి గొట్టంలో పలచటి పొర ఒకటి ఉంటుంది. చీరను చాపతో కలిపి బిగించి చుట్టినట్టు, పొర మీద వల, వల మీద పొర, చుట్టలు చుట్టలుగా. మోటారు బోరునీళ్లను బలంగా ఆ పొర మీదికి తోస్తుంది. నీళ్లు పొర దాటుతాయి, ఉప్పు, సున్నం, ఫ్లోరైడ్ ఇవతలే నిలిచిపోతాయి. చిక్కేమిటంటే, ఇవతల నిలిచిన సున్నం ఊరుకోదు. మన గిన్నెలకు పట్టినట్టే పొరకూ పెచ్చు కడుతుంది. అది పట్టకుండా లోపలికి పోయే నీళ్లలో ఒక మందు కలపాలి. పసుపుపచ్చగా, నూనెలాగా ఉంటుంది. రోజూ పొద్దున్నే, మందు క్యాను మూత లోపలి గీత దాకా కొలిచి, పక్కనున్న చిన్న డ్రమ్ములో మంచినీళ్లలో కలిపితే, బుల్లి పంపు ఒకటి టిక్కు టిక్కుమంటూ దాన్ని చుక్కలు చుక్కలుగా లోపలికి పంపుతుంది. రోజుకు ఒక్క మూత. అంతే.

మిషన్ వేసవిలో వచ్చింది. దీపావళి నాటికి నీళ్లు సన్నగిల్లాయి. గోడకున్న గడియారం లాంటి మీటరులో ముల్లు పైకి పోయింది. పొర మూసుకుపోతుంటే మోటారు ఎక్కువ బలంగా తోయాలి, అప్పుడు ముల్లు లేస్తుంది. కడప నుంచి సంఘం ఇంజినీరు వచ్చాడు. ఒంటిమిట్ట దగ్గరి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, ఎప్పుడూ చంకలో ఒక సంచి. ఇంజినీరు వస్తున్నాడంటే ఏదైనా వార్త దొరుకుతుందని నేనూ వెళ్లాను.

గొట్టంలోంచి పొరచుట్టను బయటికి లాగి, రంపం బ్లేడుతో కోసి, శెట్టి ఇచ్చిన ఈతచాప మీద పరిచాడు. ఊరు ఊరంతా చుట్టూ మూగింది. ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. పొర నిండా సున్నం. గోడకు వెల్ల వేసినట్టు తెల్లగా ఉంది. గోటితో గీరితే రాలింది.

"మందు పోస్తాండావా?" అన్నాడు ఇంజినీరు.

"పోస్తాండా సార్" అన్నాడు ఆపరేటరప్ప.

"ఎంత?"

"అర మూత."

"రోజూనా?"

ఆయన తలపాగా సర్దుకున్నాడు. "దినం మార్చి దినం. మంచి సరుకు సార్ అది. యాడనుంచో తెప్పిచ్చినారు. కుమ్మరిచ్చి అయిపోగొడితే ఎట్ల? జాగర్తగా వాడుకోవల్ల గదా."

ఇంజినీరు ఆయన్ను తిట్టలేదు. కొత్త చుట్ట ఎక్కించాడు. అప్పుడు అందరూ వినేలా చెప్పాడు. "ఇంగోటి ఇయ్యరు మావాళ్లు. ఏడాది తిరక్కముందే ఇది గూడా పోయిందంటే మిషన్ విప్పి ఆలూరు పక్క ఇంగో ఊరికి ఎత్తుకపోతారు. ఆ ఊరోళ్లు గదికి సున్నం గూడా కొట్టి పెట్టుకున్నారు."

ఆపరేటరప్ప భార్య గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టాక నొప్పులు కొంచెం తగ్గాయని ఆమె అప్పటికే అంటోంది. చాప మీది తెల్లటి పొర వైపు చూసి, తర్వాత మొగుడి వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. అంతలో శెట్టి భార్య పొరల మధ్యనున్న సన్నటి వల గుడ్డను చేత్తో తడిమి, "ఇది బాగుండాది, వడియాల మీద కప్పొచ్చు" అని మడిచి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం వార్త రాశాను. "మందు వేయరు... మంచినీళ్లు రావు" అని శీర్షిక. ఊరి నిర్లక్ష్యం వల్ల మిషన్ పాడైందనీ, రోజూ మందు వేయడం ప్రతి ఒక్కరి బాధ్యత అనీ, లేకపోతే మిషన్ పొరుగూరి పాలవుతుందనీ రాశాను. "ప్రతి ఒక్కరి బాధ్యత" అనే మాట నాకు అలవాటు. చెట్ల పెంపకం వార్తలోనూ అదే రాసేవాణ్ణి, పల్స్ పోలియో వార్తలోనూ అదే. ఎప్పుడూ కత్తిరించే కర్నూలు డెస్కువాళ్లు ఆ ఒక్కసారి వార్త మొత్తం వేశారు, పేజీలో పైభాగాన.

వారం తర్వాత వెళ్తే ఆ వార్త కత్తిరింపు మిషన్ గది గోడకు అంటించి ఉంది. అన్నం మెతుకులతో అంటించారు. ఆపరేటరప్ప దాని కింద నిలబడి, నన్ను చూసి నవ్వాడు. "రావప్పా పేపరాయనా. దినాం పోస్తాండాలే ఇప్పుడు. నిండు మూత." నా వార్తకు ఫలితం దక్కిన తొలి రోజు అది. టీ తాగి గర్వంగా ఇంటికి వెళ్లాను.

చలికాలంలో ఆలూరు పక్క ఊరివాళ్లు ఇద్దరు రావడం మొదలుపెట్టారు. ఒకాయన లావు, ఒకాయన సన్నం. నెలకోసారి, పొద్దున బస్సుకు దిగేవాళ్లు. చేతిలో బొరుగుల పొట్లం, అరటిపళ్లు. గది ముందు అరుగు మీద కూర్చుని, లోపలికి తొంగిచూసి, "ఎట్లుండాది?" అని అడిగేవాళ్లు. ఆస్పత్రిలో మనిషిని చూడటానికి వచ్చినట్టు గొంతు తగ్గించి మరీ.

"బాగుండాది" అనేవాడు ఆపరేటరప్ప, తలుపుకు అడ్డంగా నిలబడి.

"బాగుండనీలే. బాగుండల్ల." అని సన్నాయన మీటరు వైపు చూసేవాడు.

మొదటిసారి వాళ్లు ఒక తాడు తెచ్చుకుని మిషన్ పొడుగు, వెడల్పు కొలుచుకున్నారట. శెట్టికి ఒళ్లు మండింది. "ఏమప్పా, పెండ్లిచూపులకు వచ్చినారా, పరామర్శకు వచ్చినారా?"

"ఏదైతే ఏంది లేప్పా, వచ్చినాము గదా" అన్నాడట లావాయన. తెచ్చిన అరటిపళ్లలో ఒకటి శెట్టికే ఇచ్చాడట.

ఆ చలికాలం పోయేసరికి ఒకరోజు ఆపరేటరప్ప భార్య నేల మీద కూర్చుంది. గోడ పట్టుకుని, మెల్లగా, ఎవరూ చూడనప్పుడు. కూర్చుని, లేవడానికి భయపడి, ఒక గంట అక్కడే ఉండిపోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని జొన్నపిండి తెప్పించుకుని రొట్టెలు కొట్టింది. ఆ రోజు పదకొండు రొట్టెలు కొట్టిందనీ, ఇంట్లో తినేది ఇద్దరేననీ శెట్టి నాకు చెప్పాడు. నీళ్ల వల్లే అని ఆమె నమ్మకం. కోడుమూరు డాక్టరు "అయ్యుండొచ్చు" అన్నాడు. ఆమెకు ఆ మాట చాలింది. నాతో మాత్రం ఒకటే అంది: "మిషన్ పోతే నేను మల్ల నిల్చుకుంటానప్పా."

అదిగో, అప్పుడే ముల్లు మళ్లీ లేవడం మొదలైంది.

మొదట ఒక గీత. ఆపరేటరప్ప గోడ మీది కత్తిరింపు చదివించుకుని, మందు సరిగానే పోస్తున్నానని ధైర్యం తెచ్చుకున్నాడు. తర్వాత రెండు గీతలు. నీళ్లు సన్నబడ్డాయి. బిందె నిండటానికి పట్టే సేపట్లో ఆడవాళ్లు రెండు కుటుంబాల సంగతులు మాట్లాడుకోగలిగేవాళ్లు, ఇప్పుడు ఐదు కుటుంబాలు అయిపోతున్నాయి. ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. దాదాపు ఏడాది రావాల్సిన మందు క్యాను నాలుగు నెలలకే ఖాళీ అయింది.

"దొంగతనం" అన్నాడు శెట్టి. అంగడి నడిపేవాడికి సరుకు తగ్గితే తోచే మాట మొదట అదే. ఎవడో రాత్రిపూట మందు కాజేస్తున్నాడనీ, పత్తికి కొట్టుకుంటున్నాడో, ఆలూరు పక్కవాళ్లకు అమ్ముకుంటున్నాడో అనీ ఊరంతా పాకింది. పంచాయితీ పెట్టారు. పేపరాయన ఉంటే దొంగ భయపడతాడని నన్ను పిలిపించారు. ఇంజినీరుకు ఫోన్ చేశారు. అది ఒంటిమిట్టలో కోదండరాముడి కళ్యాణం ముందురోజు. ఇంజినీరు ఆ రాత్రికల్లా ఇల్లు చేరాలని తొలి బస్సుకే వచ్చి, గది ముందు రేకుల పందిట్లో కూర్చుని, "బిన్నా తేల్చండప్పా" అన్నాడు.

తొమ్మిదింటికే ఎండ మండుతోంది. శెట్టి లేచి నిలబడ్డాడు. "చూడండప్పా. తప్పు ఒప్పుకుంటే పోలీసులు లేరు, ఏమీ లేదు. ఆ డ్రమ్ము కాడికి ఎవరెవరు పోతాండారు? మొదట నేనే చెప్తా. నేను పోతాండా. ఎందుకంటే, సాయంత్రం అంగట్లో దీపం పెట్టినాక నేను ఒక మూత మందు పోసి వస్తాండా. దాంట్లో దాపరికం ఏం లేదు."

ఇంజినీరు తలెత్తాడు. "ఎవరు పోసి వస్తాండారు?"

"నేనే. ఈయప్ప మొదటిసారి అర మూత పోసి ఊరి పరువు తీసినాడు గదా. ఎందుకైనా మంచిదని."

ఆపరేటరప్ప మొహం ఎర్రబడింది. "నేను పొద్దున్నే నిండుగా పోస్తాండాను గదయ్యా! నువ్వు యాల పోస్తివి?"

"నువ్వు పోస్తాండావని నాకేం తెలుసు?"

"తెలీకుంటే అడగల్ల!"

"అడిగితే పోస్తాండా అంటావు. మొదటిసారీ అట్లే అంటివి."

జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. ఆపరేటరప్ప భార్య. "నేను గూడా మద్దేనం ఒక మూత పోస్తాండా."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వా? ఎప్పుడు?"

"నువ్వు పండుకున్నప్పుడు."

"ఇంట్లో ఉండి ఒక్కమాట చెప్పలేదే!"

"చెప్తే సగం తగ్గించి పోస్తావు. నీ చెయ్యి నాకు తెల్దా? కూరలోకి నూనె కొలిచిచ్చే చెయ్యే గదా అది."

ఆ తర్వాత ఒక్కొక్కరే. బడి పంతులు వారానికి మూడుసార్లు, బడి వదిలాక. తొలి బిందె పట్టుకునే అవ్వ, బిందె నిండేలోపు ఊరికే నిలబడటం ఎందుకని ఒక మూత, పండగపూట రెండు. ఒక్కరి మొహంలోనూ తప్పు చేసిన భావం లేదు. ఒక్కరూ బెదరలేదు. అందరూ గోడ మీది కాగితం వైపే వేలు చూపించారు. అవ్వయితే చదవడం రాకపోయినా కాగితంలో ఏ వరస దగ్గర వేలు పెట్టాలో తెలుసు. "ఈడ ఉండాది గదప్పా, అందరూ పోయల్లని. నువ్వే రాసినావంట."

నేను ఆ వరస చదివాను. "ప్రతి ఒక్కరి బాధ్యత." నా మాటే. రాసేటప్పుడు అది ఎవరూ పాటించరన్న ధీమాతోనే రాశాను.

శెట్టి కూలబడ్డాడు. "దొంగ దొరికితే కట్టేసి ఉందుము. ఇదేందప్పా? పోసినోళ్లను ఏ కేసు కింద పెట్టల్ల?"

ఇంజినీరు మెల్లగా వివరించాడు. మందు తక్కువైతే సున్నం పెచ్చు కడుతుంది. ఎక్కువైతే ఆ మందే నీళ్లలో సున్నంతో కలిసి జిగురవుతుంది. పైగా నీళ్లలో కంటికి కనపడని పురుగుంటుంది, మిగిలిన మందు దానికి మేత. మేసి పెరిగి పొర నిండా పాకుడు పడుతుంది. బయట మీటరులో మాత్రం రెండింటికీ ముల్లు ఒకేలా లేస్తుంది. "ముల్లు లేచినప్పుడల్లా మీరు ఏం చేసినారు?"

"ఇంగ రోంత పోసినాము" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

ఆ సమయానికి ఊరి మొగలో ట్రాక్టరు చప్పుడైంది. ఆలూరు పక్కవాళ్లు. మిషన్ అవసాన దశలో ఉందని ఎవరో చెప్పినట్టున్నారు. ట్రక్కులో మెత్తగా గడ్డి పరుచుకుని, తాళ్లు, గోనెసంచులు వేసుకుని వచ్చారు. లావాయన దిగుతూనే తలగుడ్డ తీశాడు.

"ఎట్లుండాది?"

శెట్టి లేచి, "మీరు గూడా చెప్పండప్పా, మీరేమన్నా చేసినారా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు.

సన్నాయన చెవి గోక్కున్నాడు. లావాయన ఆయన వైపు చూశాడు. "వచ్చినప్పుడల్లా, ఈయప్ప అట్ల పక్కకు పోయినప్పుడు, ఒక మూత ఏసినాము" అన్నాడు సన్నాయన.

"మీరా! మీకేం పనప్పా?"

"మా ఊరికి వచ్చేది గదా. మంచిగుంటేనే గదా మాకు పనికొచ్చేది. మీరు సరిగ్గా చూస్తాండారో లేదో అని మాకు దిగులు."

ఆపరేటరప్ప ట్రాక్టరు వైపు నాలుగడుగులు వేశాడు. "మిషన్ యాడికీ రాదు. గడ్డి మీ ఎద్దులకు ఏసుకోండి."

"మాకు మాత్రం మోకాళ్లు లేవా అప్పా?" అన్నాడు లావాయన. గట్టిగా అనలేదు. కోపంగానూ అనలేదు. ఆపరేటరప్ప భార్య ఆయన కాళ్ల వైపు చూడటం నేను గమనించాను. ట్రాక్టరు దిగేటప్పుడు ఆయన ఒక కాలు మడవకుండానే కిందపెట్టాడు.

ఇంజినీరు సంచి విప్పాడు. "పొరను కడిగి చూస్తా. వస్తే వస్తుంది. రాకపోతే సాయంత్రం విప్పి ట్రాక్టరు ఎక్కిస్తా. నా చేతుల్లో ఉండేది అంతే." కడిగే పొడి ఆయన దగ్గర ఉంది. కానీ కడగడానికి కావాల్సింది మంచినీళ్లు. బోరునీళ్లతో కడిగితే సున్నం మళ్లీ పడుతుంది. ఆ మిషన్ ఇచ్చే నీళ్లే కావాలి, ఆ మిషన్ ఇప్పుడు సన్నటి ధారే ఇస్తోంది.

అప్పుడు చూశాను ఆ ఊరు చేసిన పని. పొద్దున పట్టుకుపోయిన బిందెలన్నీ ఆడవాళ్లు తిరిగి మోసుకొచ్చారు. తాగేవి, వండేవి, పక్కన దాచిపెట్టుకున్నవి. అవ్వ ఒక చెంబుతో వచ్చింది, అంతే మిగిలిందని. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో పోశారు. ఇన్నాళ్లూ నీళ్లు ఇచ్చిన మిషన్‌కు ఊరు నీళ్లు పోస్తోంది. శెట్టి ఇంటి పొయ్యి మీద కాచి గోరువెచ్చగా చేశారు. ఆలూరు పక్క ఇద్దరూ కొంచెంసేపు ట్రాక్టరు నీడలో కూర్చున్నారు. తర్వాత లావాయన లేచి, కాలు ఈడుస్తూ, ఒక బిందె అందుకున్నాడు.

గోరువెచ్చని నీళ్లలో పొడి కలిపి, ఆ నీళ్లనే గొట్టంలో తిప్పీ తిప్పీ పంపాడు ఇంజినీరు. మొదట ఏమీ రాలేదు. తర్వాత పలచటి టీ లాంటి నీళ్లు, తర్వాత చిక్కటి టీ, దాంట్లో చీదరగా జిగురు ముద్దలు. వాసనకు ముందు వరస వెనక్కి జరిగింది. "ఇదంతా మనం పోసిన మందేనా?" అంది అవ్వ. "మందు కాదవ్వా, మందు తిని పెరిగింది" అన్నాడు ఇంజినీరు. "మేపినోళ్లం మనమే గదా మరి" అని ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆపుతూ, నానబెడుతూ, మళ్లీ తిప్పుతూ నాలుగింటిదాకా సాగింది. ఆపరేటరప్ప మీటరు ముందు నుంచి కదలలేదు. భార్య గడప మీద కూర్చుంది, లేవలేదు. శెట్టి మధ్యాహ్నం అందరికీ బొరుగులు తాలింపు వేయించి ఉగ్గాని చేయించాడు, ఆలూరు పక్కవాళ్లకు కూడా. చివరికి బోరునీళ్లు వదిలి మోటారు వేశారు. ముల్లు లేచింది, ఒకచోట వణికింది, ఆగింది. కొత్తలో ఉన్నచోటికి రాలేదు గానీ పొద్దున్నకంటే చాలా కింద. కొళాయిలో నీళ్లు వేలెడు లావున పడ్డాయి.

"బతికింది" అన్నాడు ఇంజినీరు. సంచి సర్దుకుంటూ బస్సు వేళ అడిగాడు.

"తగ్గిందా?" అన్నాడు సన్నాయన.

"తగ్గింది" అన్నాడు ఆపరేటరప్ప.

"మంచిదే లే." సన్నాయన తాళ్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆపరేటరప్ప భార్య గడప మీది నుంచి మొగుడితో, "ఉత్త ట్రాక్టరు పంపిస్తావా?" అంది. ఆయన కాసేపు ఊగిసలాడి, లోపలి నుంచి ఖాళీ నీళ్ల క్యాన్లు తెచ్చి కొళాయి కింద పెట్టాడు. గడ్డి మీద మిషన్ బదులు నీళ్ల క్యాన్లు పెట్టుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత వారానికోసారి వచ్చేవాళ్లు, క్యాన్లకు. "ఎట్లుండాది?" అని అడగటం మాత్రం మానలేదు.

ఆ సాయంత్రం నేను సవరణ వార్త రాశాను. మందు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే, ఒక్కరే కొలిచి పోయాలి అని. రాత్రి డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. "మందు వేస్తే చెడుతుందా, వేయకపోతే చెడుతుందా?"

"రెండూ."

"రెండూ ఎట్లా అండీ? పోయినసారి వేయాలని రాశారు. ఏదో ఒకటి చెప్పండి, శీర్షిక పెట్టాలి."

వివరించాను. అవతల నిట్టూర్పు వినిపించింది. మర్నాడు పేజీలో మూడు వాక్యాలు వచ్చాయి: మంచినీళ్ల ప్లాంటు మరమ్మతు అయింది, గ్రామస్తులు హర్షం వ్యక్తం చేశారు. మందు మాటే లేదు.

గోడ మీది పాత కత్తిరింపు తీసేయమని ఆపరేటరప్పను బతిమాలాను. ఒప్పుకోలేదు. "పేపర్లో పడినదాన్ని చింపుతారా ఎవరైనా?" అన్నాడు. వాళ్ల దారి వాళ్లే చూసుకున్నారు. మందు క్యానును గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన దగ్గర, మూత ఆయన భార్య దగ్గర. ఒకరు లేకుండా ఇంకొకరు పోయలేరు. పోశాక రామాలయం మైకులో చెప్పాలి, ఇంకెవరికీ దిగులు ఉండకూడదు కాబట్టి.

మరుసటి ఏడు నన్ను కడప డెస్కుకు మార్చారు. వెళ్లేముందు ఒక పొద్దున ఆ ఊరికి వెళ్లాను. ఆమె వసారాలో నేల మీద కాళ్లు మడిచి కూర్చుని రొట్టె కొడుతోంది. చేతుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. మూత కొంగుకు ముడి వేసి ఉంది.

"ఏమప్పా పేపరాయనా, మా ఊరి గురించి ఇంగేమన్నా రాస్తావా?"

"లేదమ్మా."

"మంచి పని."

ఆయన వచ్చి చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమె చేతిలో రొట్టె అయ్యేదాకా ఆయన వైపు చూడలేదు. పెనం మీద వేసి, చెయ్యి తుడుచుకుని, ముడి విప్పి మూత ఇచ్చింది. "గీత దాకనే" అంది. ఆయన వెళ్లాడు. ఆమె రొట్టె తిప్పకుండా చెవి అటు వేసి కూర్చుంది. మైకు గరగరలాడింది.

"మందు పడినాది. ఇంగెవరూ పోయొద్దు. ఇంగెవరూ పోయొద్దు."

అప్పుడు ఆమె రొట్టె తిప్పింది. ఒకవైపు కాస్త మాడింది. అదే నాకు పెట్టింది.